టబ్బు కింద గది

ఎవరింట్లోనైనా బాత్‌టబ్బు కారుతోందని పిలుపొస్తే మీరు ముందు టబ్బు దగ్గరికి వెళ్లకండి. దాని కింద గదిలోకి వెళ్లండి. ఆ గదిలో ఎవరు పడుకుంటున్నారో చూడండి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మిగతా పని చేతులకి అలవాటైపోతుంది.

మోకాళ్లు సహకరించక నేను పని మానేశాక, పైపుల పని నేర్చుకుంటున్న ఆడపిల్లలు కొందరు తెనాలిలో మా ఇంటికి వచ్చి, "ఆంటీ, అసలు ఈ పని ఎలా ఉంటుంది?" అని అడిగారు. "భయంగా ఉంటుందమ్మా" అన్నాను. వాళ్లు నవ్వేశారు. కరెంటు పనికి భయపడాలి గానీ నీళ్ల పనికి భయమేంటని వాళ్ల ఉద్దేశం. నాకు నవ్వు రాలేదు. గోడల వెనక, గచ్చుల కింద మనుషులు ఏమేం చేసి కప్పెట్టారో చూసి నివ్వెరపోవడం నేను చివరి రోజు దాకా మానలేదు. అలవాటు పడిపోతానేమో అనుకున్నాను. పడలేదు. అందుకు దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. అలవాటు పడినవాళ్లు ఏం చేస్తారో కూడా చూశాను కాబట్టి.

మామయ్య నేర్పిన పని

నేను బడికి వెళ్లలేదు. అక్షరాలు మా అమ్మ నేర్పింది, పొయ్యి ముందు కూర్చోబెట్టి, బైబిలు ఒళ్లో పెట్టుకుని. పని మా మామయ్య నేర్పాడు. మామయ్య అంటే నా భర్త తండ్రి, ఏసోబుగారు. తెనాలిలో పాత ఇళ్లు చాలావాటికి పైపులు వేసిన చెయ్యి ఆయనది. నా భర్తకి ఈ పని పట్టలేదు, లారీ మీదికి వెళ్లాడు. మామయ్యకి చెయ్యి వణకడం మొదలయ్యాక, "అమ్మాయ్, నట్టు నువ్వు తిప్పు, ఎంతవరకు తిప్పాలో నేను చెప్తా" అని నన్ను వెంట తీసుకెళ్లాడు.

మొదట్లో జనం ఊరుకోలేదు. "ఏంటి ఏసోబూ, కోడలి చేత పైపులు తిప్పిస్తున్నావా? సిగ్గుగా లేదూ?" అని ఒక పెద్దాయన మొహం మీదే అడిగాడు.

"నాకెందుకండీ సిగ్గు? మీ ఆడవాళ్ల బాత్‌రూములోకి నేనొస్తే మీరు పడాలి గానీ" అన్నాడు మామయ్య.

ఆ పెద్దాయన భార్య తలుపు చాటున నవ్వడం నాకు వినిపించింది. ఆ తర్వాత ఆ వీధిలో ఆడవాళ్లందరూ "సుగుణమ్మనే పంపండి" అని అడగడం మొదలుపెట్టారు. ఇంట్లో మగవాళ్లు లేని వేళ ధైర్యంగా తలుపు తీయగల మనిషి వాళ్లకి కావలసి వచ్చింది. నా అన్నం ఆ తలుపుల్లోంచే వచ్చింది. వాళ్లందరినీ ఇప్పటికీ ప్రార్థనలో తలుచుకుంటాను.

టబ్బు ఎక్కడ కారుతోందో తెలియనప్పుడు మామయ్య నీళ్లలో పసుపు కలిపేవాడు. ఇప్పుడు దానికి వేరే రంగులు అమ్ముతున్నారు. మా అత్తగారిది పసుపు పండే దుగ్గిరాల కాబట్టి మా ఇంట్లో పసుపుకి ఎప్పుడూ కరువు లేదు. "కలిపి కాస్త కాస్త వదులు. కింద ఎక్కడ పచ్చగా తేలితే అక్కణ్ణుంచి వెనక్కి వెతుక్కుంటూ రా" అనేవాడు. ఒంటికి తగిలినా హాని లేదు, గోడకి అంటినా కొన్నాళ్లకి వెలిసిపోతుంది. నేను చివరిదాకా ఆ పద్ధతే పాటించాను.

మామయ్య పోయాక అపార్ట్‌మెంట్లు కట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నాళ్లు చేశాను. సీలింగు మీద మచ్చ కనపడితే ఆయన మందు ఒకటే. "పుట్టీ లాగించి రంగు వేసెయ్ సుగుణమ్మా. లోపల తడి ఉంటే ఎవడు చూడొచ్చాడు?" మచ్చ కింద ఎవరి మంచం ఉందో ఆయన ఒక్కసారీ అడగలేదు. చెడ్డవాడు కాదు. మాకు పండగకి బట్టలు పెట్టేవాడు, పనివాళ్ల పిల్లలకి జ్వరమొస్తే తనే ఆటో ఎక్కించి పంపేవాడు. అట్లాంటి మనిషి ఆ మాట అంత తేలిగ్గా ఎలా అనేవాడో నాకు ఈనాటికీ అర్థం కాదు. అయితే ఎవరు ఎక్కడెక్కడ ఎలా దాస్తారో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందుకు ఆయనకీ రుణపడే ఉన్నాను.

స్నానం తప్ప అన్నీ

మన వైపు బాత్‌టబ్బులో స్నానం చేసేవాళ్లు చాలా తక్కువ. అది మీరు మొదట గుర్తుపెట్టుకోండి. కంపెనీ వాడు మనిషి పడుకోవడానికని చేస్తాడు. మనవాళ్లు నీళ్లు పట్టుకుంటారు, బొంతలు నానబెడతారు, పైన చెక్క వేసి ఇస్త్రీ చేసుకుంటారు. దేనికి వాడుతున్నారో తెలియకుండా రిపేరు చేయలేరు.

రేపల్లెలో ఒక టీచరమ్మగారి ఇంట్లో టబ్బు పక్క గోడ నానిపోతోందని పిలిచారు. అప్పటికే మరొకరెవరో వచ్చి అంచుల చుట్టూ సిలికాన్ పూసి వెళ్లారు. మళ్లీ ఇంకొకరు వచ్చి దాని మీదే ఇంకో పూత పూసి వెళ్లారు. టబ్బు మీద పాత తలుపు చెక్క మూతగా ఉంది. నా అలవాటు ప్రకారం ఒక్క క్షణం కళ్లు మూసుకుని ప్రార్థించుకుని, మూత ఎత్తాను. చల్లగా, జిగటగా ఏదో ఎగిరి నా చెంప మీద కొట్టింది. "ప్రభువా!" అని వెనక్కి పడ్డాను.

"అయ్యయ్యో, చెప్పడం మర్చిపోయానమ్మా" అంటూ టీచరమ్మగారు పరుగెత్తుకొచ్చారు. "కొరమేను చేపలు. మా మరిదిగారింట్లో ఫంక్షను."

"టబ్బులోనాండీ?"

"మరి బకెట్లో వాటికి ఊపిరాడదు కదమ్మా!"

ఆమె మొహం చూస్తే చేపల మీద నిజంగానే జాలి ఉంది. టబ్బుకి పైన, అంచు దగ్గర ఒక కన్నం ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే అందులోంచి పోవాలి. చేపల తోకలు ఇరుక్కుంటున్నాయని ఆ కన్నంలో గుడ్డ కుక్కారు. పంపు వదిలి మర్చిపోయిన ప్రతిసారీ నీళ్లు అంచు దాటి గోడ వెనక్కి పోతున్నాయి.

"ముందొచ్చిన వాళ్లు మూత ఎత్తి చూడలేదాండీ?"

"ఆ వాసనకి దగ్గరికే రాలేదు. ముక్కుకి రుమాలు కట్టుకుని పూసేసి పోయారు."

గుడ్డ లాగేశాను, టబ్బు పని అయిపోయింది. అసలు పని అప్పుడే మొదలైంది. గోడకి అవతల గదిలో బీరువా జరపమన్నాను. "దానికేం కాలేదమ్మా, ఇనుప బీరువా" అన్నారు. జరిపాం. వెనక రేకు తుప్పు పట్టి జల్లెడలా ఉంది. తలుపు తీస్తే లోపల వెనక వరస పట్టుచీరలన్నీ బూజు పట్టి ఒకదానికొకటి అంటుకుపోయాయి. టీచరమ్మగారు కింద కూర్చుండిపోయారు. ఒక చీర మడత విప్పబోతే చేతికి పొడి పొడిగా వచ్చింది. "రోజూ ముందు నుంచి తీసి తాళం వేస్తూనే ఉన్నానే" అని ఒక్క మాట అన్నారు.

కారడం ఆపడం సగం పనే. కారినది ఎక్కడికి పోయిందో చూడటం మిగతా సగం. చాలామంది మొదటి సగానికే చేతులు కడుక్కుని వెళ్లిపోతారు.

ఎలా చూడాలి

సీలింగు మీద రంగు ఉబ్బితే బొటనవేలితో నొక్కండి, మెత్తగా దిగితే లోపల తడి ఉంది. కర్ర పిడితో తట్టండి, గుల్ల చప్పుడు వస్తే పెచ్చు స్లాబుని వదిలేసిందన్నమాట. గోడ మీద తెల్లగా ఉప్పు పూస్తే ఆ తడి నిన్నటిది కాదు. తలుపు చట్రం అడుగున చెక్క ఉబ్బిందేమో, చెదలు పట్టిందేమో చూడండి. గదిలోకి వెళ్లగానే కొత్త రంగు వాసన వస్తే, ఎందుకు వేశారని అడగండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ గదిలో పడుకునే మనిషిని అడగండి. ఇంటి యజమానిని అడిగితే యజమాని చెప్పాలనుకున్నది చెప్తాడు. రాత్రంతా ఆ సీలింగుని చూస్తూ పడుకునే మనిషికే అది మారడం తెలుస్తుంది. నాకు అది బాగా తెలిసొచ్చింది బాపట్లలో.

బాపట్ల ఇల్లు

కోటేశ్వరరావుగారిది రొయ్యల మేత వ్యాపారం. మేడ మీద నైరుతి మూల బాత్‌రూములో తెల్లటి ఫైబరు టబ్బు. చిన్నకూతురి పెళ్లికి, కొత్త అల్లుడు వస్తాడని పెట్టించారు. అల్లుడు దాన్ని చూసి, బకెట్టు అడిగి తెప్పించుకున్నాడట. సముద్రం దగ్గర ఊరు, బోరులో ఉప్పునీళ్లు. అందుకని మునిసిపాలిటీ మంచినీళ్లు వచ్చినప్పుడు టబ్బు నిండా పట్టి ఉంచుకుంటారు. అంటే ఆ బరువు ఎప్పుడూ స్లాబు మీదే.

కింద గది చూస్తానన్నాను. కోటేశ్వరరావుగారి భార్య సీతారావమ్మగారు గుమ్మంలోనే ఆపేశారు.

"అది పురిటి గదమ్మా. కారేది పైన."

"ఒక్కసారి చూసి వస్తానండి."

"సరే, కాళ్లు కడుక్కుని రా."

కడుక్కుని లోపలికి వెళ్లాను. గది మధ్యలో మంచం, మంచం మీద ఆ చిన్నకూతురు శ్రావణి, పక్కన పొత్తిగుడ్డల్లో ఆడపిల్ల. పాపకి ఇంకా చూపు సరిగా నిలవడం లేదు. మంచానికి దోమతెర కట్టి ఉంది. సీలింగుకి కొత్తగా రంగు వేశారు, కానీ మధ్యలో దుప్పటంత మేర మళ్లీ మచ్చ తేలింది.

"అమ్మా, నీకేమైనా తేడా కనపడిందా?" అని శ్రావణిని అడిగాను.

ఆ పిల్ల ఒకసారి తల్లి వైపు చూసింది. "ఇసుక రాలుతోందాంటీ. పాప మొహం మీద పడుతుంటే తుడుస్తున్నా. అమ్మతో చెప్తే దోమతెర కట్టింది."

తల ఎత్తి చూశాను. దోమతెర పైభాగం కిందికి జారి, ఉయ్యాలలా వేలాడుతోంది. అందులో గుప్పెళ్ల కొద్దీ ఇసుక, సున్నం పెళ్లలు. అడుగున ఉన్న పెళ్ల కొద్దిగా పెద్దది. సరిగ్గా దాని కింద పాప నిద్రపోతోంది.

సీలింగు ఊడుతుంటే దోమతెర కట్టారు! అదీ ప్రేమతోనే కట్టారు.

"అమ్మగారూ, వీళ్లని వేరే గదిలోకి మార్చండి, ఇప్పుడే" అన్నాను.

"బాలసారె కాకుండా గది మార్చకూడదమ్మా. పంతులుగారు చూసి చెప్పిన గది ఇది. దగ్గరికొచ్చేసిందిగా, ఆ కాస్తా కానీ."

"పోనీ మంచమైనా గోడ వైపుకి లాగుదామండి."

దానికి ఒప్పుకున్నారు. ఒక వైపు నేను, ఒక వైపు కోటేశ్వరరావుగారు పట్టుకుని మంచాన్ని తలుపు పక్క గోడకి చేర్చాం. అప్పటికి నేను చూసింది పైపై చెమ్మే. లోపల ఏముందో నాకింకా తెలియదు.

పైకి వెళ్లి టబ్బుకి ఎక్కడైనా చీలిక ఉందేమో అని చుట్టూ తడిమి చూశాను. టబ్బు బాగానే ఉంది. అయితే తప్పు పైపులో ఉండాలి. కోటేశ్వరరావుగారితో, "నీళ్లలో పసుపు కలుపుతున్నానండి. కింద ఎక్కడైనా పచ్చగా తేలితే నన్ను కేకేయమని అమ్మగారితో చెప్పండి" అన్నాను. "అట్టాగే" అని ఆయన ఫోను మాట్లాడుకుంటూ మెట్ల వైపు వెళ్లారు. నేను పసుపు కలిపి, ప్లగ్గు కొద్దిగా ఎత్తి, నాలుగు చెంబుల నీళ్లు పోనిచ్చి మళ్లీ నొక్కేశాను.

టైలు కింద

బయటి గోడకి గొట్టం కోసం కిటికీలోంచి చూశాను. నైరుతి మూల బాత్‌రూము కదా, పైపు పక్కనే ఉన్న గోడ వెంట దిగాలి. అక్కడ గొట్టం లేదు, పాత కన్నం సిమెంటుతో మూసేసి ఉంది. కోటేశ్వరరావుగారు తిరిగొచ్చాక అడిగాను.

"అదా? మా పెద్దల్లుడి వ్యాపారం దెబ్బ తిన్నప్పుడు వాస్తు చూపించాం. వాడిన నీళ్లు నైరుతి నుంచి పోతే ఇంట్లో డబ్బు నిలవదన్నారు. ఈశాన్యానికి తిప్పించాం."

"ఎట్లా తిప్పారండీ? మధ్యలో మేడ గది ఉంది కదా?"

"స్లాబులో గాడి కొట్టి పైపు పడుకోబెట్టి, పైన టైల్సు వేశారు. మేస్త్రి మంచి పనివాడు, చుక్క సిమెంటు వృథా చేయలేదు."

బాత్‌రూము గడప అవతల ఒక టైలు తట్టాను. గుల్లగా పలికింది. ఉలితో లేపాను. కింద బురద. బురద తుడిస్తే పైపు కనపడింది. రెండు ముక్కలు కలిసే చోట జిగురు కూడా వేయలేదు, ఒకదాంట్లో ఒకటి దోపి వదిలేశారు. దాని పక్కన చూసి ఉలి కింద పెట్టేశాను. పైపుకి అడ్డం వచ్చిన స్లాబు చువ్వలన్నీ కోసేసి ఉన్నాయి. కోసిన కొసలు తుప్పు పట్టి, ఎర్రగా ఉబ్బి, గాడికి రెండు వైపులా వరసగా కనపడుతున్నాయి. అక్కణ్ణుంచి ఈశాన్యం మూల దాకా అదే గాడి. అంటే పురిటి గది మీదుగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా.

వాస్తు తప్పో ఒప్పో చెప్పడం నా పని కాదు. దేవుడి మీద భయమున్న మనుషుల్ని నేనెప్పుడూ తక్కువ చేయను. కానీ ఏ శాస్త్రమూ చువ్వలు కోయమని చెప్పి ఉండదు. అడిగినవాళ్లు అడిగారు, చెప్పినవాళ్లు చెప్పారు, కోసినవాడు కోశాడు. కింద ఎవరు పడుకుంటారన్న ప్రశ్న ముగ్గురిలో ఎవరికీ రాలేదు.

"బాబుగారూ" అన్నాను. "టబ్బు ఖాళీ చేయాలి. కానీ ప్లగ్గు మాత్రం తీయకండి. తీస్తే ఈ నీళ్లన్నీ ఈ గాడిలోంచే పోవాలి. బకెట్లతో తోడి కిటికీలోంచి పోద్దాం."

సరిగ్గా అప్పుడు కింద నుంచి గంట మోత వినపడింది. గంట తర్వాత ఆడవాళ్ల గొంతులు, చాలామందివి. ఆ తర్వాత కొబ్బరికాయ కొట్టిన చప్పుడు.

"కింద అమ్మగారికి పసుపు సంగతి చెప్పారా?" అని అడిగాను.

"చెప్దామనే వెళ్లా. ఫోనొచ్చింది" అన్నారు.

హారతి

మెట్లు ఎలా దిగానో తెలియదు. గది నిండా జనం. ఇరుగు పొరుగు ఆడవాళ్లు, పక్కింటి ముసలమ్మ, చంకల్లో పిల్లలు. సీలింగు మధ్యలో పచ్చటి మచ్చ చేతి వెడల్పున తేలి, ఒక్కొక్క చుక్కగా కింద పడుతోంది. సీతారావమ్మగారు పళ్లెంలో కర్పూరం వెలిగించి పైకి చూపిస్తున్నారు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

మంచం గోడ పక్కన లేదు. మళ్లీ గది మధ్యకి లాగేశారు. దోమతెర విప్పేశారు. పసుపు చుక్కలు పాప మీద పడేలా సరిగ్గా ఆ మచ్చ కిందికి జరిపారు. శ్రావణి మంచం అంచున కూర్చుని పాప మొహానికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

"నా మనవరాలికి అమ్మవారే పసుపు చల్లిందే!" అంటున్నారు సీతారావమ్మగారు.

"అమ్మగారూ, అందరూ బయటికి రండి. అది..." అని నేను మొదలుపెట్టాను.

"ఉండవమ్మా నువ్వు" అని పక్కింటి ముసలమ్మ కసిరింది. "మీకు ఇవన్నీ తెలియవు. హారతి కానీ."

నాకు కోపం రాలేదు. చెప్తే ఎవరూ వినరని అర్థమైంది. పైపులు, చువ్వలు, గాడి అంటూ వివరిస్తే అరగంట పడుతుంది. అప్పుడు పైనుంచి ఆ చప్పుడు వచ్చింది. నా జీవితమంతా విన్న చప్పుడే, గుడగుడమని. పైన కోటేశ్వరరావుగారు గాభరాలో ప్లగ్గు లాగేశారు. టబ్బెడు నీళ్లు మా నెత్తి మీద పైపులోకి దిగుతున్నాయి.

ప్రార్థన చేసే టైము కూడా లేదు. ఏ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఇన్నేళ్లు ఆ ఇళ్లల్లో తిరిగినదాన్ని, బాలింతలు బాలసారె దాకా దేవుడి గదిలోకి వెళ్లరని నాకు తెలుసు. సీతారావమ్మగారి ఎదురుగా నిలబడి చేతులు జోడించి అడిగాను.

"అమ్మగారూ, ఇంకా దేవుడి గదిలోకే వెళ్లని బాలింతని, పసిబిడ్డని అమ్మవారు వచ్చిన గదిలో ఉంచొచ్చాండీ?"

సీతారావమ్మగారు నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూశారు. పళ్లెం పక్కనున్న ఆవిడ చేతిలో పెట్టేశారు.

"నిజమే! మైల! ఎంత అపచారం! శ్రావణీ, లేవే. పాపని తీసుకుని వరండాలోకి నడువు. మీరందరూ కూడా బయటికి పదండి, గది శుద్ధి చేయాలి. పదండి పదండి!"

ఆమె గొంతుకి ఆ ఇంట్లో తిరుగు లేదు. శ్రావణి పాపని గుండెకి హత్తుకుని ముందు వెళ్లింది. ముసలమ్మని నేను రెక్క పట్టుకుని దాదాపు మోసుకెళ్లాను. అందరి వెనక సీతారావమ్మగారు గడప దాటారు.

నేను మొదట విన్నది చిటపటమనే చప్పుడు, నూనెలో నీళ్లు పడ్డట్టు. తర్వాత స్లాబు పెచ్చు, మంచమంత పెచ్చు, ఒక్కసారిగా మంచం మీద పడింది. మంచం నడ్డి విరిగి రెండు వైపులా లేచింది. పాప తలగడ కనపడలేదు. తెల్లటి దుమ్ములోంచి పసుపు నీళ్లు ధారగా కారుతున్నాయి. ఎవరో కేక వేశారు. ఆ కేక నాదేనని తర్వాత చెప్పారు.

కోటేశ్వరరావుగారు మెట్లు దిగి వచ్చారు. గదిలోకి చూశారు. ప్లగ్గు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

వరండాలో

జనం వెళ్లిపోయారు. అమ్మవారే కాపాడిందని చెప్పుకుంటూ వెళ్లారు. నా మనసులో నేను నా దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. వాళ్లతో వాదించాలని నాకు అనిపించలేదు. ఆ సాయంత్రమే ఇంజనీరుని పిలిపించి స్లాబు కింద ఇనుప జాకీలు నిలబెట్టించారు. తర్వాత గాడి పూడ్చి, ఆ చోట స్లాబు బలపరిచి, పైపుని మొదట ఉన్న గోడ మీదికే మళ్లించారు. ఆ పని నేను చేయలేదు, నా చేతుల్లో అంత పని లేదు. మీరు కూడా తెలియనిది తెలుసునని ఒప్పుకోకండి.

ఇంజనీరు కోసం ఎదురుచూస్తూ వరండాలో కూర్చున్నాం. శ్రావణి బల్ల మీద పాపకి పాలిస్తోంది. సీతారావమ్మగారి జుట్టంతా సున్నం. నా వైపు తిరిగి అడిగారు.

"ఏమ్మా సుగుణా, ఆ పసుపు నువ్వు కలిపిందేగా?"

"అవునండి."

"తెలుసులే. నువ్వు ఎదురుగా వచ్చి చేతులు జోడించినప్పుడు చూశా, మోచేతుల దాకా పసుపే."

నాకు అర్థం కాలేదు. "మరి మైల అని..."

"మరేం చెయ్యను? వీధి వీధంతా నేనే పిలిచా. కాయ నేనే కొట్టా. ఇది ప్లంబరు కలిపిన పసుపని అంతమంది ముందు ఎట్టా చెప్పను? నువ్వు ఆ మాట అన్నావు గనక సరిపోయింది."

"అనకపోతే ఏం చేసేవారండీ?"

ఆమె వరండా నేల వంక చూస్తూ చెప్పారు. "వాళ్లందరూ వెళ్లిందాకా ఆగుదామనుకున్నా."

కోసిన చువ్వలు చూశాను, పడిన పెచ్చు చూశాను. ఆ మాట విన్నప్పుడు తగిలిన దెబ్బ ఆ రెండిటికీ తగల్లేదు. ఆమె మంచి మనిషి. మనవరాలి కోసం రాత్రిళ్లు కూర్చున్న మనిషి. అబద్ధం చెప్పలేక నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ కాసేపు ఆగడంలో ఏముందో తనకి తెలిసే చెప్పింది.

శ్రావణి విన్నది. పాపని భుజం మీద వేసుకుని వీపు నిమురుతోంది. సీతారావమ్మగారు లేచి వచ్చి, "ఇటివ్వు, నేను ఎత్తుకుంటా" అని చేతులు చాచారు.

శ్రావణి ఇవ్వలేదు.

తల్లి చేతులు అలాగే చాచి ఉన్నాయి. కోటేశ్వరరావుగారు తల దించుకున్నారు. పాప త్రేన్చింది. శ్రావణి పాపని ఒళ్లోకి దించుకుని, పొత్తిగుడ్డ మడత సరిచేసి, మొహం మీద ఇంకా ఎక్కడైనా సున్నం ఉందేమోనని వెతికి వెతికి తుడిచింది. అంతసేపూ ఆ చేతులు కిందికి దిగలేదు.

"చేతులు కడుక్కుని రా అమ్మా" అంది శ్రావణి చివరికి, తల ఎత్తకుండానే. "సున్నం ఉంది."

సీతారావమ్మగారు వరండా చివర పంపు దగ్గరికి వెళ్లి తిప్పారు. చుక్క రాలేదు. ఇంకోసారి తిప్పి, తల పంపుకేసి ఆనించుకుని నిలబడిపోయారు. గదిలోకి ఇంకా నీళ్లు వస్తాయేమోనని ఇంటికి వచ్చే నీళ్లు మొత్తం అంతకుముందే నేను కట్టేసి ఉంచాను. లేచి, పెరట్లోకి వెళ్లి, మెయిన్ వాల్వు తిప్పాను. గోడలో గాలి కాసేపు దగ్గింది. తర్వాత వరండాలో నీళ్లు పడుతున్న చప్పుడు వినపడింది.